గర్భిణి మనశ్శాంతి ఎవరి బాధ్యత?

 

దివ్య ఖుర్ఆన్‌లోని సూరా లుఖ్మాన్ 14వ ఆయతులో అల్లాహ్ తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశిస్తూ, తల్లి బలహీనతపై బలహీనతను భరిస్తూ బిడ్డను మోసిన సంగతిని గుర్తుచేశాడు. సూరా అహ్ఖాఫ్ 15వ ఆయతులో, ఆమె కష్టపడుతూనే మోసిందనీ, కష్టపడుతూనే కన్నదనీ తెలియజేశాడు. ఈ ఆయతులను మనం సాధారణంగా పెళ్లాం వచ్చాక తల్లిని మరిచిన కొడుకులకు వినిపిస్తాం. ఆ మాట సబబే. కానీ ఆ బలహీనత కొనసాగుతున్న రోజుల్లోనే, అంటే బిడ్డ ఇంకా కడుపులో ఉండగానే, ఆ ఇంట్లో చుట్టూ తిరిగేవారికి వీటిని వినిపించిన సందర్భాలు ఎన్ని? మా మట్టుకు మేము ఎన్నడూ వినిపించలేదు. ఆ లోపం మాకు తెలిసివచ్చిన విధానాన్నే ముందుగా మనవి చేసుకుంటాం.

కడప జిల్లాలో ఒక ఊరి మహిళల ఇజ్తెమాలో ప్రసంగించమని మమ్మల్ని పిలిచారు. అంతకు కొద్ది రోజుల ముందే ఒక ఉర్దూ పత్రికలో, తల్లి పడే మానసిక ఒత్తిడి ప్రభావం గర్భస్థ శిశువు జన్యువుల పనితీరు మీద ఉంటుందన్న వ్యాసం చదివి ఉన్నాం. కొత్తగా తెలిసిన సంగతి కదా, ఉత్సాహంగా దాన్నే అందుకున్నాం. ‘తల్లులారా! మీ దుఃఖం బిడ్డ రక్తంలోకి దిగుతుంది. కనుక గర్భిణిగా ఉన్నన్నాళ్లూ దిగులు పడకండి, జిక్ర్ చేయండి, ఖుర్ఆన్ పారాయణం చేయండి, ప్రశాంతంగా ఉండండి’ అని ముప్పావుగంట చెప్పాం. బాగా చెప్పామనే అనుకున్నాం కూడా.

ప్రసంగం ముగిశాక పర్దా అవతలి నుండి ప్రశ్నల చీటీలు వచ్చాయి. వాటిలో ఒకదాని మీద పేరు లేదు. సారాంశం ఇది:

“మౌలానా సాబ్! నాకు ఇప్పుడు ఏడో నెల. మా వారు కువైట్‌లో ఉన్నారు. మా అబ్బా ఇస్తానన్న డబ్బులో ఇంకా కొంత బాకీ ఉందని అత్తగారు రోజూ గుర్తు చేస్తారు. మొదటిది ఆడపిల్ల. ఈసారి ఎవరో స్కానింగ్‌లో కనుక్కోమంటున్నారు. దిగులు పడవద్దని మీరు చెప్పారు. పడకుండా ఎలా ఉండాలి? ఇంతకు ముందు నాకు ఇంట్లో వాళ్ల భయం ఒక్కటే ఉండేది. మీ బయాన్ విన్నాక నా భయానికే నేను భయపడుతున్నాను. ఇన్నాళ్లూ ఏడ్చిన ఏడుపంతా బిడ్డకు ఎక్కిపోయిందా? ఇక సరిచేసుకోవడానికి వీల్లేదా?”

ఆ రోజు ‘అల్లాహ్ మీద భరోసా ఉంచండమ్మా’ అని ఒక్క మాట చెప్పి తప్పించుకున్నాం. ఆ మాట నిజమే గాని, అది ఆమె ప్రశ్నకు జవాబు కాదు. తర్వాత తెలిసిన డాక్టర్లను అడిగాం, ఈ విషయం మీద జరిగిన పరిశోధనల వివరాలు తెప్పించుకుని చదివాం, మన ధర్మవేత్తల గ్రంథాలను మళ్లీ తిరగేశాం. తిరగేసిన కొద్దీ మేము చెప్పింది సగమేననీ, ఆ సగాన్ని కూడా చెప్పవలసినవారికి కాక వేరేవారికి చెప్పామనీ అర్థమైంది.

ముందు శాస్త్రజ్ఞులు ఏమంటున్నారో చూద్దాం. మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్ఏ ఉంటుంది. దాన్ని సుమారు 300 కోట్ల అక్షరాల గ్రంథంగా ఊహించుకోవచ్చు. కంటిలోని కణానికీ కాలేయంలోని కణానికీ గ్రంథం ఒకటే. అయినా కన్ను కన్నుగా, కాలేయం కాలేయంగా ఎందుకున్నాయి? ఎక్కడ చదవాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఒక్కో కణంలో ఒక్కో తీరుగా ఉంటుంది గనుక. మద్రసాలో చదివినవారికి ఒక పోలిక చెబితే ఇది వెంటనే బోధపడుతుంది. ముస్‌హఫ్‌లో ఆయతుల మధ్య చిన్నచిన్న వఖ్ఫ్ గుర్తులు ఉంటాయి. మీమ్ కనిపిస్తే ఆగి తీరాలి, లా కనిపిస్తే ఆగకూడదు, జీమ్ కనిపిస్తే ఆగినా సరే, సాగినా సరే. ఆ గుర్తులు దైవవాక్కులో భాగం కావు, చదివేవాడి కోసం పెట్టినవి. పోలిక అర్థం కావడానికే సుమా! డీఎన్ఏ మీద కూడా అలాంటి గుర్తులు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది మిథైల్ అనే రసాయన గుర్తు. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ అణువులు, అంతే దాని ఆకారం. అది పడినచోట సాధారణంగా ఆ జన్యువు చదవడం తగ్గుతుంది, తొలగితే పెరుగుతుంది. అక్షరం మాత్రం మారదు. ఈ గుర్తుల శాస్త్రాన్నే ఎపిజెనెటిక్స్ అంటున్నారు. 1942లో వాడింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ పదాన్ని పుట్టించాడు.

ఇక ఒత్తిడి సంగతి. మనిషికి భయం వేసినప్పుడు మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుండి కార్టిసాల్ అనే హార్మోను విడుదలవుతుంది. ఇది శత్రువు కాదు. బిడ్డ ఊపిరితిత్తులు పరిపక్వం కావడానికి కూడా అది కావాలి. కాకపోతే తల్లి రక్తంలో ఉన్నంతా బిడ్డకు చేరితే ప్రమాదం. అందుకే అల్లాహ్ మాయలో, అంటే బిడ్డకు ఆహారం అందించే మావిలో, ఒక కాపలాను ఏర్పాటు చేశాడు. అక్కడి ఒక ఎంజైము తల్లి కార్టిసాల్‌లో చాలా భాగాన్ని పనిచేయని పదార్థంగా మార్చేస్తుంది. కనుక ఒక పూట కోపం వచ్చినా, ఒక రాత్రి ఏడ్చినా అదంతా బిడ్డకు చేరిపోతుందనుకోవడం పొరపాటు. ‘దుఃఖం రక్తంలోకి దిగుతుంది’ అని మేము వేదిక మీద చెప్పిన మాట ఇక్కడే తప్పింది. దిగకుండా అడ్డుగోడ ఉంది. అయితే కష్టం వారాల తరబడి, నెలల తరబడి వదలకుండా ఉంటే ఆ కాపలా సడలవచ్చని పరిశోధనలు సూచిస్తున్నాయి. 2008లో కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు, గర్భం చివరి నెలల్లో తీవ్రమైన నిరాశతో ఉన్న తల్లుల బిడ్డల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించారు. కార్టిసాల్‌కు కళ్లెం వేయడంలో పాత్ర ఉన్న ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు కొంత ఎక్కువగా కనిపించాయి. ఆ గుర్తులు ఎక్కువగా ఉన్న పిల్లలకు మూడో నెలలో చిన్న ఒత్తిడికే కార్టిసాల్ ఎక్కువగా పెరిగింది.

మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది కెనడాలోనే జరిగిన మరో సంఘటన. 1998 జనవరిలో క్యూబెక్ రాష్ట్రంలో రోజుల తరబడి మంచువర్షం కురిసింది. పడిన నీరు పడినట్టే గడ్డకట్టి, ఆ బరువుకు కరెంటు టవర్లు కూలిపోయాయి. నడి చలికాలంలో 30 లక్షలకు పైగా జనం చీకట్లో, చలిలో ఉండిపోయారు. కొందరి ఇళ్లకు నెల దాటినా కరెంటు రాలేదు. మాంట్రియల్‌కు చెందిన సుజాన్ కింగ్ అనే పరిశోధకురాలి బృందం, ఆ సమయంలో గర్భిణులుగా ఉన్న స్త్రీలను ఆ ఏడాది జూన్‌లోనే సంప్రదించి వివరాలు రాసుకుంది. రెండు రకాల ప్రశ్నలు అడిగారు. ఒకటి, జరిగిన కష్టం ఎంత: ఎన్ని రోజులు కరెంటు లేదు, ఇల్లు వదలవలసి వచ్చిందా, గాయాలయ్యాయా, ఆదాయం పోయిందా? రెండు, దాని వల్ల మీ మనసు ఎంత కలత చెందింది? ఆ పిల్లలకు 13 ఏళ్లు వచ్చాక, వారిలో ముప్పై మందికి పైగా రక్తాన్ని పరీక్షించారు. 2014లో ఫలితాలు వెల్లడించారు.

తల్లి అనుభవించిన కష్టం ఎంత ఎక్కువైతే, పిల్లల రక్తకణాల్లో మిథైల్ గుర్తుల తీరు అంతగా వేరుపడింది. 957 జన్యువులకు సంబంధించిన చోట్ల ఈ తేడా కనిపించింది. వాటిలో ఎక్కువభాగం రోగనిరోధక శక్తికి సంబంధించినవి. కానీ తల్లి మనసు ఎంత కలత చెందిందన్న లెక్కకూ ఈ గుర్తులకూ సంబంధం కనబడలేదు. సోదరులారా, ఈ వాక్యాన్ని మేము మూడుసార్లు చదివాం. మనోవేదనకు ఏ పాత్రా లేదని దీని అర్థం కాదు. ఇది కొద్దిమంది మీద జరిగిన ఒక పరిశీలన. ఇతర విషయాల్లో మనోవేదన ప్రభావం ఉండవచ్చు. కానీ ఈ పరిశీలనలో మాత్రం ఆ పిల్లల మీద గుర్తుగా మిగిలింది ఆమె ఎంత ధైర్యంగా ఉందన్నది కాదు, ఆమె ఎన్ని రోజులు చీకట్లో, చలిలో ఉందన్నది. మరి మేము ఆ ఇజ్తెమాలో చెప్పిందేమిటి? చలిలో ఉన్న మనిషికి దుప్పటి కప్పమని ఇంటివాళ్లకు చెప్పడం మాని, వణకవద్దని ఆమెకే బోధించాం.

ఆకలి విషయంలోనూ ఇలాంటి సాక్ష్యమే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో, జర్మన్ సైన్యం ఆహార రవాణాను అడ్డుకోవడంతో నెదర్లాండ్స్ పశ్చిమ భాగంలో కరవు వచ్చింది. రోజుకు మనిషికి ఇచ్చే రేషను 1000 కేలరీల కన్నా కిందికి, ఒక దశలో అందులో సగానికి పడిపోయింది. 20 వేల మందికి పైగా చనిపోయారు. ఆ కరవు రోజుల్లో తల్లి కడుపున పడినవారిని అరవై ఏళ్ల తర్వాత లైడెన్ పరిశోధకులు పరీక్షించి, వారి సొంత తోబుట్టువులతో పోల్చారు. ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నాయని 2008లో ప్రకటించారు. తేడా చిన్నదే. కాని అరవై ఏళ్లయినా చెరగలేదు. గర్భం చివరి నెలల్లో మాత్రమే కరవుకు గురైనవారిలో ఈ తేడా కనిపించలేదు. అంటే కష్టం ఎంత అన్నదే కాదు, ఎప్పుడు అన్నది కూడా ముఖ్యమన్నమాట.

మన దేశంలో ఇప్పుడు అలాంటి కరవు లేదు, అల్‌హమ్‌దులిల్లాహ్. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, భారతదేశంలోని గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. పేదరికం ఒక కారణం. అందరూ తిన్నాక మిగిలింది కోడలు తినాలన్న ఆచారం మరో కారణం. ఇంట్లో బిర్యానీ వండిన రోజు కూడా ముక్కలు అయిపోయాక కూర్చునేది ఎవరో మనకు తెలియనిది కాదు.

ఇక్కడ ఒక మాట. ఇలాంటి పరిశోధన బయటకు రాగానే ‘ఇది మా గ్రంథంలో ముందే ఉంది’ అని నిరూపించడానికి మనవాళ్లు కొందరు తొందరపడతారు. మేము ఆ పని చేయడం లేదు. శాస్త్రజ్ఞుల అభిప్రాయాలు రేపు మారవచ్చు. దివ్య ఖుర్ఆన్‌ను వాటికి కట్టేసి, అవి మారినప్పుడల్లా వ్యాఖ్యానం మార్చుకోవడం మనకు శోభించదు. మేము చెప్పదలచింది వేరు. గర్భిణిని భయపెట్టినవాడిదే బాధ్యత అని మన ధర్మశాస్త్రం మిథైల్ గుర్తుల ఊసే లేని రోజుల్లో తేల్చింది.

ఫిఖ్హ్ గ్రంథాలు ఉదహరించే ఒక సంఘటన వినండి. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలం. భర్త ఊళ్లో లేని ఒక స్త్రీ ఇంటికి పరాయివాళ్లు వచ్చిపోతున్నారని ఫిర్యాదు అందింది. విచారించడానికి ఆయన ఆమెను పిలిపించారు. ఖలీఫా పిలుస్తున్నారన్న మాట వినగానే ఆమె హడలిపోయింది. ఉమర్‌తో నాకేం పని వచ్చిందని వాపోయింది. వస్తూ ఉండగా దారిలోనే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. పక్కనున్న ఒక ఇంట్లోకి వెళ్లి ప్రసవించింది. బిడ్డ రెండు కేకలు వేసి కన్నుమూసింది.

హజ్రత్ ఉమర్ (రజి) సహాబాలను సంప్రదించారు. మీరు పాలకులు, మందలించడం మీ విధి, మీపై ఏ బాధ్యతా లేదని కొందరన్నారు. హజ్రత్ అలీ (రజి) మౌనంగా కూర్చున్నారు. మీరేమంటారని ఉమర్ (రజి) ఆయన్నే అడిగారు. వీళ్లు తమ అభిప్రాయం కొద్దీ ఇలా చెప్పి ఉంటే పొరబడ్డారు, మిమ్మల్ని సంతోషపెట్టడానికి చెప్పి ఉంటే మీకు మేలు కోరలేదు అన్నారు అలీ (రజి). ఆమెను భయపెట్టింది మీరు, మీ వల్లనే ఆమె ప్రసవించింది, కనుక ఆ బిడ్డ రక్త పరిహారం, అంటే దియత్, మీ మీదే ఉందని తేల్చి చెప్పారు. ఉమర్ (రజి) ఆ తీర్పును శిరసావహించి, పరిహారాన్ని తన వంశస్తుల మీద పంచి వసూలు చేయమని ఆదేశించారు.

ఈ ఉల్లేఖనం హసన్ బస్రీ (రహ్మ) ద్వారా వచ్చింది. ఆయన హజ్రత్ ఉమర్ (రజి) నుండి స్వయంగా వినలేదు గనుక పరంపరలో ఒక లంకె తెగిందని హదీసువేత్తలు అంటారు. ఆ సంగతి దాచడం మాకు ఇష్టం లేదు. అయినప్పటికీ షాఫయీ, హంబలీ ధర్మవేత్తలు దీన్ని ఆధారంగా స్వీకరించారు. గమనించండి, అక్కడ ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. కబురు మాత్రమే వెళ్లింది. పంపినవారు న్యాయానికి మారుపేరైన ఖలీఫా. ఫిర్యాదు విచారించడం ఆయన విధి. ఇన్ని ఉన్నా, ‘ఆమె ఎందుకు అంతగా భయపడింది, గుండె దిటవు చేసుకోవలసింది’ అని అలీ (రజి) అనలేదు. భయపెట్టింది ఎవరు అని మాత్రమే అడిగారు.

ఒక్కోసారి భయపెట్టేది ఒక మనిషి కాదు, మొత్తం వాతావరణమే. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో అరబ్బులను, ముస్లింలను అనుమానంగా చూడడం, వేధించడం పెరిగింది. కాలిఫోర్నియా జనన రికార్డులను డయాన్ లాడర్‌డేల్ అనే పరిశోధకురాలు పరిశీలించి 2006లో ప్రచురించారు. ఆ దాడుల తర్వాతి ఆరు నెలల్లో, అంతకు ముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే, అరబ్బీ పేర్లున్న తల్లులకు తక్కువ బరువుతో బిడ్డలు పుట్టడం పెరిగింది. ఇతర వర్గాల్లో అలాంటి పెరుగుదల లేదు. ఆ తల్లులు చేసిన తప్పేమిటి? పేరు! అది చదివి మనకు గుండె మండుతుంది, మండాలి కూడా. కానీ అదే చూపుతో మన ఇంటి గడప లోపలికి కూడా చూసుకోవాలి.

మహాప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి జుహైనా తెగకు చెందిన ఒక స్త్రీ వచ్చింది. ఆమె వ్యభిచారం వల్ల గర్భవతి అయింది. తన నేరాన్ని తానే ఒప్పుకుంది. దైవప్రవక్త (స) ఆమె సంరక్షకుణ్ణి పిలిపించి, ఆమెతో మంచిగా మెలగమనీ, ప్రసవించాకే తీసుకురమ్మనీ ఆదేశించారు. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. నేరం ఒప్పుకున్న స్త్రీ ఉన్న ఇంటివారికే ఆమెతో మంచిగా ఉండమని తాకీదు వెళ్లింది. ఇక మన ఇళ్లలోని నిర్దోషి అయిన కోడలికి ఎంత హక్కు ఉండాలి?

సూరా తలాఖ్ 6వ ఆయతు విడాకులు పొందిన స్త్రీల గురించి మాట్లాడుతుంది. మీరు ఉండేచోటే మీ స్తోమతును బట్టి వారికి నివాసం ఇవ్వండి, వారిని ఇరుకున పెట్టడానికి బాధించకండి, గర్భవతులైతే ప్రసవించేదాకా వారి మీద ఖర్చు చేయండి అన్నది అందులోని ఆదేశాల సారం. అంటే భార్యాభర్తల బంధమే తెగిపోయిన చోట కూడా గర్భిణికి ఇల్లు, ఖర్చు, వేధింపు లేని బతుకు చట్టబద్ధమైన హక్కులు. ఇక్కడ నివాసం ఇవ్వమనడానికి వాడిన అరబ్బీ పదానికీ, మనం ఉర్దూలో ‘సుకూన్’ అనే ప్రశాంతతకూ ధాతువు ఒక్కటే. నిశ్చింతగా ఉండనిచ్చే చోటే ఇల్లు. నాలుగు గోడలున్నంత మాత్రాన అది మస్కన్ అయిపోదు.

ఇప్పుడు మగవారితో రెండు మాటలు. ఆ చీటీ ఏ ఇంటి నుండి వచ్చిందో మాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదయింది. ఈ పత్రిక చదివే ప్రతి మామగారూ, ప్రతి భర్తా అది తమ ఇంటిదే అనుకోవాలని మా విన్నపం.

కట్నం బాకీ ముచ్చట మొదట తేల్చుకోవాలి. షరీఅతు ప్రకారం అప్పు ఉన్నది మీకే, మహర్ రూపంలో. ఆమె తండ్రి మీకు బాకీ లేడు. లేని బాకీని ఒక గర్భిణికి రోజూ గుర్తుచేయడం దౌర్జన్యం. ఆడా మగా అన్నది తేల్చేది తండ్రి నుండి వచ్చే వీర్యకణం. తల్లికి అందులో ప్రమేయం లేదు, కనుక కోడలిని నిందించడం అజ్ఞానం కూడా. ఆడపిల్ల పుట్టిందన్న వార్తకు ముఖం నల్లబడేవారిని అల్లాహ్ సూరా నహ్ల్ 58, 59 ఆయతుల్లో ఎంత తీవ్రంగా ఖండించాడో మీకు తెలుసు. పుట్టబోయే బిడ్డ ఆడా మగా అని స్కానింగ్‌లో తెలుసుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం. అడిగినవారూ నేరస్తులే, చెప్పినవారూ నేరస్తులే.

గల్ఫ్‌లో ఉన్న సోదరులారా! మీరు పంపే రియాళ్లు, దీనార్లు మీ అమ్మగారి చేతికే వెళుతున్నాయా, మీ భార్య మందులకూ పాలకూ అడుక్కోవలసి వస్తున్నదా, ఒకసారి కనుక్కోండి. ఫోను స్పీకర్‌లో పెట్టకుండా ఆమెతో పది నిమిషాలు మాట్లాడండి. భార్య పోషణ మీ మీద ఫర్జ్. అత్తగారి ద్వారా ఇప్పించే దయ కాదది.

అత్తగార్లతో కూడా. అమ్మీజాన్, మీరూ ఒకప్పుడు ఈ నెలలు మోసినవారే. గ్రహణం రోజున కోడలిని చీకటి గదిలో కూర్చోబెట్టి, కదిలితే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని బెదిరించే ఆచారం మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో తెలియదు గాని, దానికి దీన్‌లో ఆధారం లేదు. సూర్యచంద్రుల గ్రహణాలు ఎవరి చావు వల్లా, ఎవరి పుట్టుక వల్లా పట్టవని దైవప్రవక్త (స) తమ పసికొడుకు ఇబ్రాహీం మరణించిన రోజునే స్పష్టం చేశారు. రమజానులో గర్భిణికి తన గురించి గాని, బిడ్డ గురించి గాని భయముంటే ఉపవాసం నుండి సడలింపు ఉంది. ‘మేమంతా ఉండలేదా’ అని ఆమెను పోల్చి మాట్లాడవద్దు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును మనం వెనక్కి తీసుకోలేం.

ఇక చీటీ రాసిన చెల్లెమ్మా! నీకు ఆ రోజు ఇవ్వవలసిన జవాబు ఇన్నాళ్లకు ఇస్తున్నాం. ముందుగా, మమ్మల్ని క్షమించు.

నువ్వు ఏడ్చిన ఏడుపు నీ నేరం కాదు. ఏ డాక్టరూ ఒక బిడ్డను చూపించి, ఈ పిల్లకు ఈ ఇబ్బంది తల్లి దిగులు వల్లనే వచ్చిందని చెప్పలేడు. పైన చెప్పిన పరిశోధనలన్నీ గుంపుల సగటు లెక్కలు. తేడాలు చిన్నవి. చాలావరకు రక్తకణాల్లో చూసినవి. అందులో నీ బిడ్డ జాతకం ఏదీ రాసి లేదు. ఆ గుర్తులు అన్నీ రాతి మీద చెక్కినవి కూడా కావు. 2004లో మాంట్రియల్‌లోనే ఎలుకల మీద జరిగిన పరిశోధన ఫలితాలు వెల్లడయ్యాయి. పిల్లల్ని ఎక్కువగా నాకి, ఒళ్లు సవరించే తల్లి దగ్గర పెరిగిన ఎలుక పిల్లలు పెద్దయ్యాక నిబ్బరంగా ఉన్నాయి. వాటి జన్యువుల మీది గుర్తులు కూడా వేరుగా ఉన్నాయి. అంతగా పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్లల్ని తీసుకువెళ్లి, పట్టించుకునే తల్లి దగ్గర పెంచితే, అవి కూడా పెంచిన తల్లి పిల్లల్లాగే తయారయ్యాయి. ఎలుకల సంగతి మనుషులకు అచ్చంగా వర్తించకపోవచ్చు. కానీ పుట్టాక దక్కే స్పర్శ, లాలన లెక్కలోకి వస్తాయని మాత్రం దాని వల్ల తెలుస్తోంది. పుట్టగానే బిడ్డను నీ రొమ్ముకు ఆనించుకో. పాలివ్వు. ఒళ్లో పెట్టుకుని మాట్లాడు.

రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, ఆకలి చచ్చిపోయినా, బతకాలనిపించకపోయినా దాన్ని ఈమాన్ లోపం అనుకోవద్దు. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తకు గాని, నర్సమ్మకు గాని చెప్పు. పెద్దాసుపత్రి డాక్టరుకు చూపించమని అడుగు. నమాజు, జిక్ర్ నీకు తోడు, కాని డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఆపేవి కావు. పుట్టింటికి వెళ్లి ఉండాలనిపిస్తే, ఆ మాట నీ భర్తకు సూటిగా చెప్పు. చెప్పే వీలు లేకపోతే మీ మసీదు ఇమాము భార్య ద్వారా మాకు కబురు చెయ్యి. మీ పెద్దలతో మేము మాట్లాడతాం.

మర్యం (అలై)ను గుర్తు చేసుకో. నొప్పులు పడుతూ ఆమె, ఇంతకు ముందే చచ్చిపోయి ఉంటే బాగుండునని అంది. అంత మాట అన్నందుకు అల్లాహ్ ఆమెను మందలించలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు వచ్చింది. దాని వెంటనే కాళ్ల కింద నీటి ఊట, చెట్టు నుండి తాజా ఖర్జూరాలు వచ్చాయి. తిను, తాగు, కళ్లు చల్లబరచుకో అన్న ఆదేశం తర్వాత వచ్చింది. సూరా మర్యంలో ఈ క్రమం ఉంది. ఓదార్పు మాటతో పాటు నీళ్లూ తిండీ కూడా ఆమె దగ్గరికే వచ్చాయి. తెచ్చుకొమ్మని ఆమెను ఎక్కడికో నడిపించలేదు.

మూసా (అలై) తల్లిని కూడా గుర్తు చేసుకో. మగబిడ్డలను చంపించే ఫిరౌన్ రాజ్యంలో ఆమె గర్భం మోసింది. బిడ్డను నదిలో వదిలిన నాటి ఉదయం ఆమె గుండె శూన్యమైపోయిందని సూరా ఖసస్ 10వ ఆయతు తెలుపుతుంది. అంతకన్నా పెద్ద దిగులు ఏ తల్లి పడి ఉంటుంది? ఆ బిడ్డే ఫిరౌన్‌కు ఎదురు నిలిచాడు. అంతకు ముందే అల్లాహ్ అతణ్ణి పాలు తాగడానికి మళ్లీ ఆమె ఒడికే చేర్చాడు, ఆమె కళ్లు చల్లబడాలని.